సిద్దిపేటలో శ్రావణి వెంట

మే నెలలో సిద్దిపేట ఎందుకని మా స్కూల్లో తోటి టీచర్లు అడిగారు. వేసవి సెలవులకు అరకు, ఊటీ వెళ్లేవాళ్లను చూశారు గానీ, బొబ్బిలి నుంచి రైల్లో హైదరాబాదు, అక్కడి నుంచి బస్సులో సిద్దిపేట వెళ్లేవాళ్లను వాళ్లెప్పుడూ చూడలేదు. అమ్మాయికి కాలేజీ చూపించడానికని చెప్పాను. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఇంజినీరింగ్ ఏమైంది అని ఇంకా అడుగుతారని బెల్లు కొట్టకముందే క్లాసుకు లేచిపోయాను.

ఆ చివరి ప్రశ్నకు నాకే జవాబు తెలియదు. మా ప్రణతి ఇంజినీరింగ్ మొదటి ఏడాది మధ్యలో ఒక శనివారం హాస్టల్ నుంచి పెట్టెతో సహా ఇంటికి వచ్చేసింది. ఇక వెళ్లనంది. ఎందుకో చెప్పలేదు. నేనడిగాను, వాళ్ల నాన్న అడిగారు, విశాఖపట్నంలో డాక్టరు గారు మెల్లగా అడిగి చూశారు. మందులు వాడాక నిద్ర, తిండి కాస్త కుదుటపడ్డాయి గానీ మాట రాలేదు. నెలల తరబడి గదిలోనే. లోపల గడియ పెట్టుకోవద్దని మాత్రం బతిమాలి ఒప్పించాను.

అలాంటి పిల్ల ఒక రోజు వంటింట్లోకి వచ్చి ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష రాస్తానంది. రాసింది. మార్కులూ వచ్చాయి. తర్వాత ఒక సాయంత్రం ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. సిద్దిపేట దగ్గర ఒక కాలేజీ పెట్టిన ప్రకటన అది. చేరాలనుకునేవాళ్లు అక్కడ చదువుతున్న విద్యార్థి వెంట ఒక రోజంతా ఉండి చూడవచ్చునట. "అక్కడ మనకి తెలిసినవాళ్లెవరూ ఉండరు కదా" అంది. అంత దూరమా అని నేను అడగలేదు. వాళ్ల నాన్న మాత్రం రానన్నారు. చేర్పించడం, మళ్లీ పెట్టె మోసుకుని తీసుకురావడం ఇంకోసారి తన వల్ల కాదని, మమ్మల్నే చూసి రమ్మని అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. భయమే. నాకూ అదే ఉంది, కాకపోతే ఎవరో ఒకరు వెళ్లాలి కదా.

బస్టాండు ఎదుట

సిద్దిపేటలో దిగేసరికి ఎండ ఇంకా మండుతోంది. మా వైపు ఎండకు చెమట పోస్తుంది, ఇక్కడ ఒళ్లు ఆరిపోతుంది. రోడ్లు వెడల్పుగా, మధ్యలో మొక్కలతో, నేననుకున్నదానికంటే శుభ్రంగా ఉన్నాయి. బస్టాండు ఎదుట హోటల్లో చాయ్ తాగాం. పది రూపాయలే గానీ గ్లాసు మా ఊరి గ్లాసులో సగం ఉంటుంది, చిక్కదనం మాత్రం రెట్టింపు. దాంతోపాటు ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్లు. ప్రణతి రెండో బిస్కెట్ తీసుకుంటుందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. ఈ ఏడాదిగా నాకు అదే పని.

శ్రావణి స్కూటీ మీద వచ్చింది. మేము వెంట ఉండవలసిన అమ్మాయి ఆమే. ఊరు కొండపాక, నాయిన వ్యవసాయం, అమ్మ బీడీలు చేస్తుందట. ఆర్కిటెక్చర్ మూడో ఏడు. సన్నగా, కళ్ల కింద నల్లగా, బొటనవేలికి ప్లాస్టరుతో ఉంది. ఆ ప్లాస్టరు ఏమిటని అడిగాను. కాగితాలు కోసేటప్పుడు తెగిందని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

కూర్చున్నాక అసలు సంగతి చెప్పింది.

"ఆంటీ, మీకు ముందుగాల చెప్పుడు మర్చిపోయిన. రేపు నా జ్యూరీ ఉంది. మీరు ఇంకో రోజు వస్తనంటే రాండ్రి, రేపే ఉంటమన్నా నాకేం లేదు."

జ్యూరీ అంటే ఏమిటో కూడా తనే చెప్పింది. నెలల తరబడి గీసిన బొమ్మలన్నీ గోడకు తగిలించి, చేసిన నమూనా ముందు పెట్టుకుని, బయటి నుంచి వచ్చిన పెద్ద ఆర్కిటెక్టుకు తన పని వివరించాలి. వాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పాలి. క్లాసంతా అక్కడే కూర్చుని చూస్తుంటారు. కొందరు ఏడుస్తూ బయటికి వస్తారట. మామూలు విషయంలా చెప్పుకుపోయింది.

నేను ప్రణతి వైపు చూశాను. పిల్ల ముఖంలో ఏమీ కనిపించలేదు. ఇంకో రోజే వద్దాం, ఆ అమ్మాయికి మనం అడ్డం కదా అని నేను మొదలుపెడుతుండగానే, "రేపే ఉందాం" అంది ప్రణతి. లాడ్జికి వెళ్లాక కూడా మనసు మార్చుకుంటుందేమోనని చూశాను. మార్చుకోలేదు.

మల్లవ్వ ఇంటి పై గది

శ్రావణి రోజూ ఊరికి పోయి రాలేక సిద్దిపేటలోనే మల్లవ్వ అనే పెద్దావిడ ఇంట్లో పై గది కిరాయికి తీసుకుంది. పొద్దున్నే రమ్మంటే వెళ్లాం. గదిలో ఉన్నది ఒక్కటే పరుపు. ఆ పరుపు మీద నమూనా ఉంది, కింద చాప మీద శ్రావణి దిండు ఉంది.

నమూనా తెల్లటి అట్టతో చేసింది. చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ జలాశయం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల కోసం ఒక అంగడి. పొడుగాటి కప్పు, సన్నటి స్తంభాలు, ఆడవాళ్లు పిల్లల్ని పడుకోబెట్టుకోవడానికి చల్లటి గది, ముందు నీలం కాగితంతో నీళ్లు. అగ్గిపుల్లంత మనుషులు కూడా ఉన్నారు, ఒకామె నెత్తిన గంప. ప్రణతి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగి చూస్తూ ఉండిపోయింది.

మల్లవ్వ కింద నుంచి సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి వేసి గిన్నెకే అద్ది కాలుస్తారు. మా దిబ్బరొట్టెకు దూరపు చుట్టంలా ఉంది, కారం మాత్రం ఇక్కడిదే. నేను నా ప్లేటు వదిలేసి ప్రణతి ప్లేటు చూస్తున్నానని ఆమె కనిపెట్టింది.

"గింత రంది ఎందుకు బిడ్డా? ఆకలైతే పిల్ల తింటది. నువ్వు తిను" అంది.

రంది అంటే ఏమిటని శ్రావణిని అడిగాను. మనసులో పెట్టుకుని కుమిలిపోవడమట. మేము బెంగ అంటాం. బెంగలో కొంచెం ప్రేమ వినిపిస్తుంది. ఈ మాట విన్నప్పుడు మాత్రం నాలో రోజంతా తిరిగే రాయి లాంటిదానికి పేరు దొరికినట్టనిపించింది.

ఆటోలో

నమూనాను స్కూటీ మీద తీసుకుపోవడం కుదరదు. ఆటో మాట్లాడుకున్నాం. శ్రావణి చేతిలో బొమ్మల చుట్టలు, నా చేతిలో సంచులు. నమూనా ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకోవాలి. ప్రణతి చేతులు చాపింది. నేను ఠక్కున వద్దన్నాను. దానికి ఏమైనా అయితే ఆ మాట పిల్ల మీదికి వస్తుందని నా భయం. శ్రావణి నన్ను చూసి, ప్రణతిని చూసి, "పట్టుకోనియ్యండి ఆంటీ" అని పిల్ల ఒళ్లో పెట్టేసింది.

డ్రైవరు మెల్లగా తోలుతానని మాటిచ్చాడు, తోలాడు కూడా. ఊరు దాటాక ఒక మేకల మంద రోడ్డు మీదికి రావడంతో బ్రేకు వేశాడు. పెద్ద కుదుపేమీ కాదు. కానీ ప్రణతి ముందుకు తూలింది, అంగడి కప్పు ఊడి ఆటో నేల మీద పడింది, దాంతోపాటు నాలుగైదు స్తంభాలు.

ప్రణతి ముఖం పాలిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. హాస్టల్ నుంచి వచ్చిన రోజు గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా ఇలాగే ఉంది. నేను శ్రావణికి క్షమాపణలు చెప్పడం మొదలుపెట్టాను, డ్రైవరును కోప్పడ్డాను, ఆ మేకల కాపరిని కూడా ఏదో అన్నాను.

శ్రావణి వంగి ముక్కలన్నీ చున్నీలో ఏరుకుంది. తలెత్తి, "కప్పే కదా ఊడింది. గోడలు మంచిగనే ఉన్నయి. పోయి అతికిద్దాం" అంది. ప్రణతి చేతుల్లోంచి నమూనా మాత్రం తీసుకోలేదు.

ఫ్యాన్లు తిరగని హాలు

ఆర్కిటెక్చర్ కాలేజీలో క్లాసురూము కంటే ముఖ్యమైనది స్టూడియో. పెద్ద హాలు, వరసగా బల్లలు. ఒకడు బల్ల కింద చాప వేసుకుని నిద్రపోతున్నాడు, వాడిని దాటుకుంటూ అందరూ తిరుగుతున్నారు. అంత ఎండలోనూ ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. తిరిగితే కాగితాలు, అట్టముక్కలు ఎగిరిపోతాయట. గది నిండా జిగురు వాసన, చెమట వాసన. మా స్కూల్లో కరెంటు పోతే పిల్లలు గోల చేస్తారు, ఇక్కడ పిల్లలే స్విచ్చి ఆపుకుని కూర్చున్నారు.

ప్రతి బల్ల మీదా కోసే కత్తులు, బ్లేడ్లు. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతూ కూర్చున్నాను. మా ఇంట్లో కూరగాయల కత్తి కూడా వంట అయ్యాక నేను బీరువాలో పెడుతున్నాను. అది ఎందుకో నేనూ చెప్పను, ప్రణతీ అడగదు.

శ్రావణి ఒక ఇనుప స్కేలు, ఒక కత్తి ప్రణతి ముందు పెట్టి, స్తంభాలు ఎంత పొడుగుండాలో చూపించి, తను కప్పు పనిలో పడిపోయింది. నేను లేచి నిలబడ్డాను. నేను కోస్తానమ్మా అనబోయాను. ప్రణతి స్కేలు అదిమిపెట్టి కోసింది. మొదటిది వంకరగా తెగింది. పక్కన పడేసి ఇంకోటి కోసింది. చూపు అట్ట మీద నుంచి కదల్లేదు. నాలుగోది తెగాక దాన్ని శ్రావణికి చూపించింది. శ్రావణి ఒక కన్ను మూసి చూసి తలూపింది. ఎవరూ ఎవరినీ మెచ్చుకోలేదు. నేను మెల్లగా మళ్లీ కూర్చున్నాను.

జ్యూరీ

మమ్మల్ని వెనక వరసలో కూర్చోనిచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆర్కిటెక్టు అరవై దాటిన మనిషి, నేత చీర, చేతిలో ఎర్ర పెన్సిలు. గొంతు ఎప్పుడూ పెంచదు. అందుకే ఇంకా ఎక్కువ భయమేసింది. శ్రావణి కంటే ముందు వెళ్లిన అబ్బాయి బయటికి వచ్చేటప్పుడు మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

శ్రావణి బాగానే మొదలుపెట్టింది. చేపలు ఎక్కడ దింపుతారు, ఎక్కడ తూకం వేస్తారు, నీడ ఎటు పడుతుంది అంతా చెప్పింది. ఆవిడ అన్నీ విన్నాక నమూనా ముందు వంగి, నీలం కాగితం అంచు మీద పెన్సిలు పెట్టింది.

"ఎండాకాలంల నీళ్లు ఎక్కడిదాక ఉంటయి?"

నా పక్కన ప్రణతి కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"నాకు తెల్వదు మేడం" అంది శ్రావణి. "నేను వానాకాలమే పోయిన. ఎండాకాలం చూడలె."

"మరి ఈ గీత ఎట్ల గీసినవ్?"

"అందాజగ గీసిన."

ఆవిడ గోడ మీది పెద్ద బొమ్మ దగ్గరికి వెళ్లి, అంగడికీ నీళ్లకూ మధ్య పైనుంచి కిందికి ఒక ఎర్ర గీత గీసింది. అంత అందంగా వేసిన బొమ్మ మీద. నీళ్లు వెనక్కి పోతే ఈ అంగడి నెలల తరబడి ఉత్త నేలలో ఒంటరిగా ఉంటుందని, వెళ్లి చూసి వచ్చి వారంలో మళ్లీ పెట్టమని చెప్పి తర్వాతి పేరు పిలిచింది.

ఇదేనా నేను నా బిడ్డకు చూపించడానికి తెచ్చింది అని నన్ను నేను తిట్టుకున్నాను. శ్రావణి బొమ్మలు విప్పుతుంటే ఇద్దరు ముగ్గురు లేచి సాయం వెళ్లారు. ఆ సందడిలో నేను సంచి సర్దుకుని పక్కకు తిరిగేసరికి ప్రణతి కుర్చీ ఖాళీగా ఉంది.

డాబా మీద

మొదట బాత్రూముల్లో చూశాను. తర్వాత క్యాంటీను, గేటు, మళ్లీ స్టూడియో. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. నీలం చుడీదారు అమ్మాయిని చూశారా అని కనబడ్డవాళ్లనల్లా అడిగాను. ఒకబ్బాయి మెట్ల వైపు చూపించాడు. అటు పోయినట్టుందన్నాడు. మెట్లు పైకీ వెళ్తాయి, కిందికీ వెళ్తాయి. నేను పైకే పరుగెత్తాను.

డాబా తలుపు తీసి ఉంది.

ఆ తలుపు దగ్గర నేనెంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి దాటాను. డాబా ఖాళీ. నీళ్ల ట్యాంకు, ఎండలో ఆరబెట్టిన గుడ్డలు, అంతే. పిట్టగోడ దాకా వెళ్లి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కిందికి చూశాను.

భవనం వెనక వేపచెట్టు నీడలో మెట్టు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. శ్రావణి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. ప్రణతి ఒక చెయ్యి ఆ అమ్మాయి వీపు మీద పెట్టింది. రెండో చెయ్యి తిప్పుతూ మాట్లాడుతోంది. నాకు మాటలు వినిపించలేదు. కానీ ఆపకుండా మాట్లాడుతోంది. కాసేపటికి శ్రావణి తలెత్తింది, ముక్కు తుడుచుకుంది, టిఫిన్ డబ్బా మూత తీసింది. ఇద్దరూ ఒకే డబ్బాలో తినడం మొదలుపెట్టారు.

కిందికి దిగాలనిపించలేదు. ట్యాంకు నీడలో కూలబడి, కాసేపు అక్కడే ఉన్నాను. తర్వాత మా ఆయనకు ఫోను చేసి, అంతా బాగానే ఉందని చెప్పాను. ఆయన నమ్మలేదు. నేనూ పూర్తిగా నమ్మి చెప్పలేదు.

సాయంత్రం దాకా ఇంకా చాలా చూశాం. రెండో ఏడు పిల్లలు ఆవరణలో ఇటుకలతో గోడ కడుతూ, వంకర వస్తే మళ్లీ విప్పుతున్నారు. భోజనం దగ్గర పచ్చిపులుసు పోశారు. మేము చారు మరిగించుకుంటాం, వీళ్లు చింతపండు నీళ్లలో ఉల్లిపాయ పిసికి చల్లగానే పోసేస్తారు. ఆ ఎండకు అదే సరైన తిండి. నేను రెండుసార్లు అడిగి పోయించుకున్నాను.

చంద్లాపూర్ దగ్గర నీళ్లు

మరునాడు మేము వెళ్లిపోవాలి. కానీ శ్రావణి పొద్దున్నే చంద్లాపూర్ పోతోందని, తనూ వెళ్తానని ప్రణతి అంది. వెళ్తావా అని అడగడం కాదు, వెళ్తానని చెప్పడం. బస్సు సాయంత్రానికి మార్చుకున్నాం.

రంగనాయకసాగర్ గట్టు ఎక్కి చూస్తే ఆ ఆర్కిటెక్టు చెప్పింది నిజమే. నీళ్లు చాలా లోపలికి వెళ్లిపోయాయి. ఒడ్డంతా ఎండి పగుళ్లిచ్చిన బురద. శ్రావణి తన అంగడి ఉండే చోట నిలబడి చేత్తో చూపించింది.

"నా అంగడి గీడ. చేపలు గాడ" అని పకపకా నవ్వింది. నిన్న ఏడ్చిన పిల్లేనా అనిపించింది.

దిగువన నీళ్ల దగ్గర ఒకామె గొడుగు పాతుకుని చేపలమ్ముతోంది. రవ్వ, బొచ్చె. మాది సముద్రపు చేప తినే నోరు, చెరువు చేప మట్టి వాసనని ముక్కు చిట్లిస్తాం. రైల్లో తీసుకుపోలేమని చెబితే ఇక్కడే వండుకు తినమని నవ్వింది. శ్రావణి టేపుతో కొలుస్తుంటే ఏం కడతారని అడిగింది. మీకోసం అంగడి, కానీ ఇది చదువు కోసమే అవ్వా, నిజంగా కట్టరు అని శ్రావణి చెప్పింది. "గట్లనా" అని ఆమె మళ్లీ చేపల మీద నీళ్లు చల్లుకుంది. శ్రావణి ఆ మాటకు కాసేపు టేపు చుట్టకుండా అలాగే నిలబడింది.

నేనూ ప్రణతీ గట్టు మీదికి వచ్చి తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. నేనేమీ అడగలేదు.

"అమ్మా, నిన్న శ్రావణక్క నాకు తెల్వదు అంది కదా."

"అవును."

"ఎవరూ నవ్వలేదు."

తర్వాత నీళ్ల వైపు చూస్తూ చెప్పింది. కిందటేడు ల్యాబులో లెక్చరరు ఏదో అడిగాడట. తెలియదు సార్ అందట. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాడట. మళ్లీ చెప్పిందట. చివరి వరసకు వినపడాలి అన్నాడట. మూడోసారికి క్లాసంతా నవ్వారు. ఆ రోజు నుంచి తను గదిలోకి అడుగుపెడితే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు తెలియదు సార్ అనేవారట. మెస్సులో కూడా. తర్వాత తెలిసినవాటికి కూడా నోరు పెగలలేదట.

ఇన్ని నెలలు నేను ఏమేమో ఊహించుకున్నాను. ఇది ఊహించలేదు. అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అనబోయి మానుకున్నాను. చెప్పడానికి ఇప్పటికి కుదిరింది, చెప్పింది. దాని తల నిమిరితే పక్కకు జరగలేదు.

"నాన్నకి ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను" అంది.

స్పీకరు పెట్టాను. కాలేజీ ఎలా ఉందని ఆయన అడిగారు. బాగుందంది. నమూనా విరగడం, ఎర్ర గీత అన్నీ చెప్పింది. ఆయన విన్నారు. ఇన్నాళ్లూ నాతో అంటున్న మాట పిల్లనే అడిగారు.

"ఐదేళ్లు తల్లీ. ఉండగలవా?"

"తెలియదు నాన్నా" అంది ప్రణతి. "చేరతాను."

లైను పోయిందేమోనని నేను ఫోను చూశాను.

"ఎండలో ఎక్కువసేపు ఉండకండి" అన్నారాయన చివరికి. "అమ్మకి తలనొప్పి వస్తుంది."

ఆయన అలా అన్నారంటే ఒప్పుకున్నట్టేనని మా ఇద్దరికీ తెలుసు. కింద నుంచి శ్రావణి టేపు రెండో కొస పట్టుకొమ్మని పిలుస్తోంది. ప్రణతి చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు రాళ్ల మీద నుంచి దిగసాగింది. జాగ్రత్త అని అరవబోయి నోరు మూసుకున్నాను. అది నీళ్ల దగ్గరికి చేరేదాకా చూస్తూ నిలబడ్డాను.